ఒడిశా ఎఫ్‌సీ హోమ్ మ్యాచ్ బరంపురంలో ఆడించవచ్చా?

పర్లాకిమిడి నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. బయటి దేశాల్లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్లు తమ హోమ్ మ్యాచ్‌లను వేరే ఊళ్లకు తీసుకెళ్లి ఆడుతుంటాయి, ఐపీఎల్‌లో ఢిల్లీ జట్టు కూడా విశాఖ వచ్చి ఆడింది. అలాంటప్పుడు భువనేశ్వర్ ఫుట్‌బాల్ క్లబ్ ఒడిశా ఎఫ్‌సీ ఏడాదికి ఒకటో రెండో మ్యాచ్‌లు బరంపురంలో ఆడితే గంజాం, గజపతి, రాయగడ జిల్లాల వాళ్లం అందరం చూసేవాళ్లం కదా. ఒప్పుకోనిది నిబంధనలా, లేక దక్షిణ ఒడిశా అంటే చులకనా?

సూటిగా చెప్తాను. నిబంధనలు అడ్డం కాదు. ముందు గ్రౌండ్ అడ్డం, ఆ తర్వాత డబ్బు అడ్డం. ఇప్పుడున్న ఏర్పాట్లతో ఆ జట్టు ఆడే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) స్థాయి మ్యాచ్ బరంపురంలో జరగదు. మహిళల మ్యాచ్, కుర్రాళ్ల జట్ల మ్యాచ్, సీజన్‌కు ముందు ఆడే ఫ్రెండ్లీ లాంటివి మాత్రం ఎవరైనా పూనుకుంటే జరుగుతాయి. చులకన అన్నమాట నేను ఒప్పుకోను. ఎందుకో కింద చెప్తాను.

నేను గంజాం జిల్లా టోర్నమెంట్లలో చాలా ఏళ్లు రెఫరీగా ఉన్నాను. తర్వాత భువనేశ్వర్‌లో మ్యాచ్ రోజు గ్రౌండ్ ఏర్పాట్లు చూసే టీమ్‌లో పనిచేశాను. క్లబ్ ఉద్యోగిని ఎప్పుడూ కాను. కాబట్టి ఇది క్లబ్ తరఫు మాట కాదు, గేట్లు, జనరేటర్లు, అంబులెన్సులు చూసుకున్నవాడి మాట.

ముందు నిబంధనల సంగతి. సీజన్ మొదలవ్వకముందే ప్రతి క్లబ్బూ తన హోమ్ గ్రౌండ్ ఏదో చెప్పాలి, దాన్ని వాడుకునే హక్కు ఉందని కాగితం చూపించాలి. స్టేడియం సొంతానిదే అయ్యుండక్కర్లేదు. మన దేశంలో చాలా క్లబ్బులు ప్రభుత్వ స్టేడియంలలోనే ఆడతాయి, భువనేశ్వర్‌లో ఒడిశా ఎఫ్‌సీ ఆడే కళింగ స్టేడియం కూడా రాష్ట్ర ప్రభుత్వానిదే. తనిఖీ చేసేవాళ్లు చూసేది గ్రౌండ్‌ని. జట్టు పేరులో ఉన్న ఊరూ గ్రౌండ్ ఉన్న ఊరూ ఒకటేనా అన్న పట్టింపు అంతగా లేదు. పంజాబ్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్‌లోకి వచ్చాక హోమ్ మ్యాచ్‌లు ఢిల్లీలో ఆడింది. గువాహటి జట్టు నార్త్‌ఈస్ట్ యునైటెడ్ 2025లో కొన్ని మ్యాచ్‌లు షిల్లాంగ్‌కు తీసుకెళ్లింది. తెలుగువాళ్లకు బాగా తెలిసినది శ్రీనిధి డెక్కన్. ఐఎస్ఎల్ తర్వాతి లీగ్ అయిన ఐ-లీగ్‌లో చోటు దక్కింది విశాఖపట్నం పేరు మీద, ఆడేది హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ అరీనాలో. విశాఖవాళ్లు ఆ జట్టును చూడాలంటే హైదరాబాద్ రైలెక్కాలి.

అంత దూరం పోనక్కర్లేదు, మన ఒడిశా ఎఫ్‌సీ కథే తీసుకోండి. ఈ జట్టు 2014లో ఢిల్లీ డైనమోస్‌గా పుట్టింది, 2019లో భువనేశ్వర్ వచ్చి పేరు మార్చుకుంది. వచ్చేసరికి కళింగ స్టేడియంలో అండర్-17 మహిళల ప్రపంచకప్ కోసం మరమ్మతులు నడుస్తున్నాయి. దాంతో ఒడిశా పేరుతో జట్టు ఆడిన మొదటి హోమ్ మ్యాచ్‌లు పుణెలో, బాలేవాడి స్టేడియంలో జరిగాయి. అదే ఏడాది పుణె వాళ్ల సొంత క్లబ్ ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడింది, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లో జట్టు పోయి బాధలో ఉన్న పుణె జనం ముందు, ఇంకా సొంత ఊళ్లో కాలు పెట్టని ఒడిశా జట్టు ‘హోమ్’ మ్యాచ్ ఆడింది. నేను ఒకదానికి వెళ్లాను. స్టాండ్లు చాలావరకు ఖాళీ. ఐటీ కంపెనీల్లో పనిచేసే ఒడియా కుర్రాళ్లు కొందరు ఒక మూల చేరి కేకలు పెడుతుంటే గోల్‌కీపర్ డిఫెండర్లను పిలిచే మాట అవతలి గట్టు దాకా వినిపించింది. డిసెంబర్ చివర్లో జట్టు కళింగకు వచ్చాక చూడాలి తేడా, డ్రమ్ముల మోతలో రెఫరీ విజిలే వినపడలేదు.

ఇక కరోనా కాలంలో రెండు సీజన్లు లీగ్ అంతా గోవాలోనే నడిచింది. అప్పుడు హోమ్ అంటే ఏ డ్రెస్సింగ్ రూమ్, ఏ రంగు జెర్సీ అన్నదే. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

అసలు క్లబ్బులు ఊరు ఎందుకు మారతాయి అన్నది చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఎక్కువసార్లు కారణం బలవంతమే. ఉక్రెయిన్ జట్టు షఖ్తార్ దొనెత్స్క్‌కు 50 వేల మందికి పైగా పట్టే సొంత స్టేడియం ఉంది. 2014లో యుద్ధం మొదలయ్యాక అక్కడ మళ్లీ ఆడలేదు. ల్వీవ్, ఖార్కీవ్, కీవ్ తిరిగి, 2022 నుంచి యూరప్ పోటీల హోమ్ మ్యాచ్‌లు వార్సా, హాంబుర్గ్, గెల్సెన్‌కిర్షెన్‌లలో ఆడింది. 2023లో బార్సిలోనాను ఓడించింది కూడా హాంబుర్గ్ ‘హోమ్’లోనే. మన దగ్గర 2019లో పుల్వామా దాడి తర్వాత రియల్ కశ్మీర్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌ను శ్రీనగర్ నుంచి ఢిల్లీకి మార్చారు. క్రికెట్‌లోనైతే 2010లో తెలంగాణ ఉద్యమం వల్ల డెక్కన్ ఛార్జర్స్ హోమ్ మ్యాచ్‌లు కొన్ని కటక్‌కే వచ్చాయి. మా బరంపురం తెలుగువాళ్లకు అది పండగే అనుకోండి, హైదరాబాద్ జట్టును చూడటానికి ఉత్తరం వైపు బండెక్కడం ఎప్పుడైనా ఊహించామా!

గొడవలవల్ల పోయినవీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కోవెంట్రీ సిటీ, స్టేడియం యజమానులతో అద్దె పేచీ వచ్చి 2013-14 సీజన్ నార్తాంప్టన్‌లో ఆడింది. దూరం 55 కిలోమీటర్లే. అయినా చాలామంది అభిమానులు టికెట్ కొనం అని భీష్మించారు. కొందరు ఆ గ్రౌండ్ బయట ఉన్న దిబ్బ మీద నిలబడి లోపలి ఆట చూశారు. బ్రైటన్ పరిస్థితి ఇంకా ఘోరం. సొంత గ్రౌండ్ అమ్మేసి, 1997లో దాన్ని ఖాళీ చేశాక రెండేళ్లు సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని గిల్లింగ్‌హామ్‌లో ఆడాల్సి వచ్చింది, జనం బాగా తగ్గిపోయారు.

మీరు అడుగుతున్నది ఈ రెండు రకాలూ కాదు. ఉన్న ఊరు ఉండగా, సంతోషంగా రెండో ఊరికి కొన్ని మ్యాచ్‌లు ఇవ్వడం. దానికి మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, కానీ ఈ లెక్కకు పనికొస్తుంది. గ్రీన్ బే అనే చిన్న ఊరి జట్టు ప్యాకర్స్ 1933 నుంచి 1994 దాకా ఏటా కొన్ని హోమ్ మ్యాచ్‌లు మిల్వాకీలో ఆడింది. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 190 కిలోమీటర్లు, మన బరంపురం, భువనేశ్వర్ మధ్య ఉన్నదానికి కాస్త ఎక్కువ. గ్రీన్ బేలో స్టేడియం పెంచాక మిల్వాకీకి వెళ్లడం మానేశారు, కానీ మిల్వాకీ టికెట్‌దారులను వదిలేయలేదు. సీజన్ టికెట్లలో వాళ్ల కోటా వాళ్లకు ఇప్పటికీ ఉంది.

అయితే దిక్కు గమనించండి. చిన్న ఊరి జట్టు, టికెట్లు కొనేవాళ్లు ఎక్కువని పెద్ద ఊరికి వెళ్లింది. ఇటలీలో బెర్గామో జట్టు అటలాంటా 2019-20 ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లకు మిలాన్ వెళ్లింది. ససువోలో అనే చిన్న పట్టణపు జట్టు 2013 నుంచి రెజ్జో ఎమీలియాలో ఆడుతోంది. జట్లు చిన్న ఊరి నుంచి పెద్ద ఊరికి పోతాయి. పెద్ద ఊరి జట్టు చిన్న ఊరికి రావడం అరుదు. మనం అడుగుతున్నది ఎదురు దిక్కు.

అరుదే గానీ లేకపోలేదు. ఫ్రాన్స్‌లో బ్రెస్ట్ అనే రేవు పట్టణపు జట్టు 2024-25లో మొదటిసారి ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధించింది. సొంత స్టేడియం యూరప్ నిబంధనలకు సరిపోలేదు. వాళ్లు వెళ్లింది ఏ మహానగరానికో కాదు, గాంగాంప్ అనే బుల్లి ఊరికి. ఆ ఊరి జనాభా పదివేలు కూడా ఉండదు, స్టేడియంలో మాత్రం అంతకు రెట్టింపు మంది పడతారు. ఊరి జనమంతా లోపల కూర్చున్నా సగం సీట్లు మిగిలే ఆ స్టేడియంలో జర్మనీ ఛాంపియన్ లెవర్కూసెన్‌ను బ్రెస్ట్ 1-1తో నిలువరించింది. గాంగాంప్‌కు ఆ భాగ్యం ఎలా వచ్చింది? లైట్లు, డ్రెస్సింగ్ రూములు, కెమెరాల చోటు అన్నీ ముందే సిద్ధంగా ఉన్నాయి కాబట్టి.

మన రాష్ట్రంలోనే చూడండి, రూర్కెలా. 2023 హాకీ ప్రపంచకప్ మ్యాచ్‌లు అక్కడ ఎలా జరిగాయి? ప్రభుత్వం ముందు బిర్సా ముండా స్టేడియం కట్టింది, తర్వాత మ్యాచ్‌లు వచ్చాయి. హాకీ ఆడే నేల అది, డిమాండ్ ఉంది, నిజమే. కానీ డిమాండ్ ఒక్కటే ఉండి స్టేడియం లేకపోతే రూర్కెలా జనం కూడా టీవీలోనే చూసేవాళ్లు. అందుకే చులకన అన్న మాట నాకు ఎక్కదు. రాజధాని కాని ఊరికి ప్రపంచకప్పే వెళ్లింది.

ఇక మన వైపు గ్రౌండ్ల పరిస్థితి. కొన్నేళ్ల కిందట ఒక క్లబ్ ఫ్రెండ్లీ మ్యాచ్ ఆలోచనతో గంజాం జిల్లాలో ఒక గ్రౌండ్ చూసి రమ్మంది. టేపు, లైటు కొలిచే లక్స్ మీటర్ పట్టుకుని సాయంత్రం పూట వెళ్లాను. పొడవు 105 మీటర్లు వచ్చింది. వెడల్పు 68 రావాలి, రాలేదు, ఒక పక్క రన్నింగ్ ట్రాక్ లోపలికి తోసుకొచ్చింది. చీకటి పడ్డాక లైట్లు వేయించాను. స్తంభం కింద మీటర్ బాగానే చూపించింది. సెంటర్ సర్కిల్‌కు నడిచేసరికి అంకె సగానికి పడింది, అవతలి పెనాల్టీ బాక్సులో ఇంకా కిందికి పోయింది. అక్కడ నిలబడితే నా నీడలు రెండు, ఒకటి ముదురు, ఒకటి లేత. అలాంటి వెలుతురులో గాల్లో వచ్చే క్రాస్‌ని గోల్‌కీపర్ పట్టుకోవడం కష్టం, టీవీ కెమెరాకు బంతి కనపడటం ఇంకా కష్టం. కాలికి ఏదో తగిలి చూస్తే గడ్డిలో వరసగా గుంటలు. ఎండాకాలం షామియానాలకు గుంజలు పాతిన గుంటలవి, మట్టి పైపైన కప్పి వదిలేశారు. వాచ్‌మన్ని అడిగితే, ‘పెళ్లిళ్లకు, ఎగ్జిబిషన్లకు ఇస్తారండి, బంతాట కంటే దాంట్లోనే ఆదాయం’ అన్నాడు. అతనన్నది అబద్ధం కాదు. డ్రెస్సింగ్ రూమ్ ఒక్కటే ఉంది, కుళాయి కూడా ఒక్కటే. రెండో జట్టును ఎక్కడ కూర్చోబెట్టాలి, రెఫరీలు ఎక్కడ బట్టలు మార్చుకోవాలి, డోప్ టెస్టుకు గది ఎక్కడ? గోల్ వెనక గోడ మరీ దగ్గర. ప్రకటనల బోర్డులు పెడితే, బంతి వెంట పరిగెత్తిన ఆటగాడు బోర్డుకైనా గుద్దుకోవాలి, గోడకైనా గుద్దుకోవాలి. నా రిపోర్టు ఒక పేజీ దాటలేదు.

ఇవి అన్నీ సరిచేయగలిగినవే. డబ్బు పెడితే సీజన్ గ్యాప్‌లో అయిపోయే పనులు. కానీ జనం గమనించని ఇంకో సంగతి పోలీసు బందోబస్తు. బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది. దాదాపు నెల రోజులు ఊరు నిద్రపోదు, రాత్రంతా వేషాలు, జనం. అది వచ్చేది ఎండాకాలం మొదట్లో, సరిగ్గా ఐఎస్ఎల్ చివరి మ్యాచ్‌ల వేళకు. ఆ రోజుల్లో స్టేడియానికి పోలీసులను ఇవ్వమని అడిగితే ఏ అధికారైనా నవ్వుతాడు. బందోబస్తు లేకుండా మ్యాచ్‌కు అనుమతి రాదు. కాబట్టి అడిగితే నవంబర్, డిసెంబర్ తేదీలే అడగాలి.

డబ్బు సంగతి. భువనేశ్వర్‌లో హోమ్ మ్యాచ్ అంటే ఆటగాళ్లు తమ మంచాల మీద నుంచి లేచి వస్తారు. అదే మ్యాచ్ బరంపురంలో పెడితే సొంత జట్టుకే హోటల్ బిల్లు మొదలవుతుంది. బస్సు, ముందురోజు ప్రాక్టీసుకు ఇంకో గ్రౌండ్, టీవీ వాళ్ల వ్యాన్లు, లైట్లకు అద్దె జనరేటర్లు, ప్రకటనల బోర్డులు విప్పి 170 కిలోమీటర్లు తెచ్చి బిగించి మళ్లీ విప్పే కూలి, అన్నీ కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎదురు జట్టు భువనేశ్వర్‌లో విమానం దిగి మూడు గంటలు బస్సులో రావాలి, వాళ్లు గొణుగుతారు. టికెట్ల మీద ఇదంతా రాదు. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బులు టికెట్ల డబ్బుతో బతకవు, స్పాన్సర్లతో, యజమాని జేబుతో బతుకుతాయి. పైగా లీగ్ నిర్వహణ ఒప్పందం గొడవతో 2025 సీజనే సమయానికి మొదలు కాలేదు. ఆ టెన్షన్‌లో ఉన్న క్లబ్బును కొత్త ఊరు వచ్చి ఆడమంటే వింటుందా? ఎవరో ఒకరు తేడా డబ్బు భరించాలి. అది ప్రభుత్వమే అవుతుంది, లేదా ఏదో కంపెనీ అవుతుంది. ఢిల్లీ ఐపీఎల్ జట్టు విశాఖ రావడానికి కారణం అక్కడ తయారుగా ఉన్న పెద్ద స్టేడియం. అది లేకపోతే వాళ్లు ఇంకెక్కడికో వెళ్లేవాళ్లు.

జనం వస్తారా అన్న అనుమానం నాకు ఏమాత్రం లేదు. మన పల్లెల్లో గోల్‌పోస్టులకు వెదురు బొంగులు కట్టి ఆడే మ్యాచ్‌కు కూడా గట్ల మీద చోటుండదు. ఇటు ఇచ్ఛాపురం నుంచి, అటు గుణుపురం నుంచి వస్తారు. స్టాండ్‌లో ఒకడు ఒడియాలో రెఫరీని తిడితే పక్కవాడు తెలుగులో పూర్తి చేస్తాడు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. కొత్త ఊళ్లో మొదటి మ్యాచ్‌కు జనం వింత చూడటానికి వస్తారు. రెండోదానికి, మూడోదానికి ఎంతమంది వస్తారన్నదే క్లబ్ చూస్తుంది.

ఇంకో చిక్కు చెప్పాలి, కాస్త చేదుగా ఉంటుంది. ‘జట్టును మా ఊరికి తెండి’ అని అడిగేవాళ్లు ఆ జట్టు ఉన్న ఊరి గురించి ఆలోచించరు. మనకు ఒడిశా ఎఫ్‌సీ దొరికింది ఢిల్లీ వాళ్లు పోగొట్టుకోబట్టి. 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది, గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీలు వేసుకుని తిరిగిన నా మేనల్లుడు ఇంకా దాన్ని మింగలేకపోతున్నాడు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ జట్టును 2003లో మిల్టన్ కీన్స్‌కు తీసుకుపోతుంటే అభిమానులు అంతకు ఏడాది ముందే సొంతంగా కొత్త క్లబ్ పెట్టుకున్నారు, 2020లో తమ పేటకు తిరిగొచ్చారు. ఒకటి రెండు మ్యాచ్‌లు ఇవ్వడం వేరు, మకాం ఎత్తేయడం వేరు. భువనేశ్వర్ అభిమానులకు మొదటిది అడుగుతున్నట్టు స్పష్టంగా చెప్పాలి, లేకపోతే వాళ్లే అడ్డుపడతారు, అది న్యాయం కూడా.

మరి ఏం చేయొచ్చు? మీ జిల్లా సంఘం ద్వారా ముందు మహిళల మ్యాచ్ అడగండి. ఒడిశా ఎఫ్‌సీ మహిళల జట్టు 2023-24లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. మహిళల మ్యాచ్‌లు చాలావరకు పగటిపూటే పెడతారు, అంటే లైట్ల గొడవ లేదు. టీవీ హంగామా తక్కువ, పోలీసులూ తక్కువ సరిపోతారు. రెండో డ్రెస్సింగ్ రూమ్, బాగున్న గడ్డి, దగ్గర్లో ఆసుపత్రి చూపిస్తే చాలు, ఆసుపత్రికి మనకు ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. అది సాఫీగా జరిగితే సీజన్ ముందు ఫ్రెండ్లీ అడగండి. ఉత్తరంలో ‘మా ప్రాంత ప్రజల చిరకాల వాంఛ’ లాంటివి రాయకండి, ఎవరూ చదవరు. గ్రౌండ్ కొలతలు, ఫొటోలు, కరెంటు లోడు, హోటల్ గదులు, గ్రౌండ్ యజమాని సమ్మతి పత్రం జతచేయండి. ఇవి ఉన్న ఉత్తరం పక్కన పెట్టడం కష్టం.

చివరగా మీరు అడగని సంగతి ఒకటి, నా దృష్టిలో అన్నిటికంటే తొందరగా ఫలితం ఇచ్చేది. మన వాళ్లు కళింగకు వెళ్లకపోవడానికి అసలు కారణం రాత్రి ఏడున్నర మ్యాచ్‌లు. ఆట అయ్యి బయటపడేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్‌కు వచ్చేసరికి దక్షిణం వైపు బండ్లు కిక్కిరిసి ఉంటాయి, రోడ్డు మీద వస్తే బాలుగావ్ దాటేసరికే అర్ధరాత్రి. పర్లాకిమిడి వాళ్లకైతే తెల్లారినట్టే. శని, ఆదివారాల్లో ఐదు గంటల మ్యాచ్‌లు కూడా పెడుతూ వచ్చారు. సీజన్ షెడ్యూల్ వచ్చిన రోజే భువనేశ్వర్‌లో జరిగే ఐదు గంటల మ్యాచ్‌లు ఏవో చూసి, మీ క్లబ్ కుర్రాళ్లకు కలిపి ఒక బస్సు మాట్లాడండి. ఎక్కువ మందికి ఒకేసారి టికెట్లు కావాలంటే ముందే క్లబ్‌కు మెయిల్ పెట్టండి, ఒకే స్టాండ్‌లో సీట్లు ఇస్తారేమో అడగండి. పొద్దున పదింటికల్లా పర్లాకిమిడిలో బయల్దేరితే దారిలో భోజనం చేసి కూడా నాలుగింటికి గేటు దగ్గర ఉంటారు. పవర్ బ్యాంకు, నీళ్ల సీసా లోపలికి రానివ్వకపోవచ్చు, బస్సులోనే పెట్టుకోండి.